కంపౌండరును వాళ్ళమ్మ ఊరికి తీసుకుపోయాం

కోదాడ

గోవా పోయి వచ్చినప్పటి నుంచి మా వాడ ఆడవాళ్ళు నన్ను నిలవనివ్వడం లేదు. అక్కడ చీరలు కడతారా, అన్నం తింటారా, తెల్లదొరలు ఇంకా ఉన్నారా అని ఒకటే అడగడం. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పెట్టింది. వీధి బడిలో రెండేండ్లు చదివిన చదువు దేనికీ పనికిరాలేదు, దీనికైనా పనికొస్తుందని రాస్తున్నాను. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు వినిపించండి.

మేం ఊళ్ళు చూడటానికి పోలేదు. మా ముందరి అర్రలో కిరాయికి ఉన్న పేద్రు కంపౌండరును వాళ్ళ అమ్మ దగ్గరికి చేర్చడానికి పోయాం. ఆయనది గోవా, పోర్చుగీసువాళ్ళ రాజ్యం. కిరస్తానీ. సికింద్రాబాదులో మందులు కలపడం నేర్చుకొని కోదాడకు వచ్చి పన్నెండేండ్లు మా ఇంట్లోనే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. నన్ను పెద్దమ్మా అని పిలిచేవాడు. కందిలి వత్తి తగ్గించమని నేను కేకేస్తే, “పెద్దమ్మ చేతిల పెడితే పొద్దును గూడ సగమే ఎలగనిస్తది” అని నవ్వేవాడు. మన మాట మనకంటే బాగా మాట్లాడేవాడు.

పోలీసు యాక్షను అయిన కొద్ది రోజులకే గత్తర, అదే కలరా, వచ్చింది. బావుల్లో ఎర్రమందు వేసుకుంటూ, వాంతులయ్యేవాళ్ళ పక్కన కూర్చుంటూ తిరిగి తిరిగి చివరికి ఆయనే పడ్డాడు. లేవలేదు.

మా ఇండ్లలో పెళ్ళికానివాళ్ళు పోతే మట్టిలో పెడతారు. సంసారం చేసిన పెద్దవాళ్ళను కాలుస్తారు. ఆయనకు పెళ్ళి కాకపోయినా పెద్దమనిషి మర్యాద చేయాలని నేనే అన్నాను. ఇంకో ఆలోచన కూడా ఉంది. మట్టిలో పెడితే కోదాడ మట్టిలోనే ఉండిపోతాడు, కాలిస్తే తల్లి దాకా పోగలడు. కొట్టం వేద్దామని దాచిన వేపదూలాలు తీసి ఇచ్చాను. పుల్ల పుల్ల లెక్కపెట్టేదాన్ని, ఆనాడు లెక్కపెట్టలేదు. మా తమ్ముడు నర్సయ్య తల గొరిగించుకొని నిప్పు పెట్టాడు. ఎముకలు ఏరి చిన్న కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి, బావి దగ్గరి తుమ్మచెట్టుకు వేలాడదీశాం. అస్థికలు ఇంట్లోకి తేకూడదు కదా.

పోస్టుమాస్టరుతో గోవాకు రాయించాం. మీ కొడుకు పోయాడు, ఎముకలు తెస్తున్నాం అని. ఆయన తమ్ముడు జుజె రాసిన జవాబు వచ్చింది. రండి, అమ్మ ఎదురుచూస్తున్నది అని. వైశాఖంలో బయలుదేరాం, నేనూ నర్సయ్యా.

బెజవాడ నుంచి గుంతకల్లు

బస్సు మీద బెజవాడ, అక్కడి నుంచి చిన్న పట్టాల రైలు. అదే రైలు దారి గోవా సముద్రం దాకా పోతుంది. మన నిజాం హాలీ రూపాయలు బెజవాడలో చెల్లవు, అక్కడి రూపాయలు గోవాలో చెల్లవు. మూడు రాజ్యాల డబ్బు నా కొంగున మూడు ముళ్ళయింది. నర్సయ్య మిర్యాలగూడ కచ్చేరిలో చప్రాసిగా చేసినవాడు. ఉర్దూ బాగా వస్తుంది, ఖర్చు పెట్టడం ఇంకా బాగా వస్తుంది. స్టేషను స్టేషనుకూ చాయ్ తాగుతుంటే ముంతలో నీళ్ళు తాగరాదా అన్నాను. “నీ ఎంబడి కాశికి పోయినా దాహంతోనే పోవాలె అక్కా” అన్నాడు.

చనిపోయినవాళ్ళను తీసుకుపోయేటప్పుడు మా వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఏరు వచ్చినా, పొలిమేర వచ్చినా, బండి మారినా పిలవాలి. పిలవకపోతే మనిషి అక్కడే ఆగిపోతాడట. కృష్ణ దాటేటప్పుడు కుండ ఒళ్ళో పెట్టుకొని, “ఏరు దాటుతున్నం కంపౌండరూ, రా” అన్నాను. ఎదుటి బల్ల మీద ఉన్న వక్కల వ్యాపారి కుండను చూసి, నన్ను చూసి, మూట తీసుకొని అవతలి బల్లకు పోయాడు. నర్సయ్య ఆ జాగాలో కాళ్ళు చాపుకొని పడుకున్నాడు. కంపౌండరు పోయినా మనకు సుఖమే చేస్తున్నాడు అన్నాడు. నేను తిట్టాను కాని, ఆయన బతికుంటే ఆ మాటకు నవ్వేవాడు.

నంద్యాల దాటాక నల్లరేగడి, గుంతకల్లులో ఎండ, హుబ్లీలో జొన్నరొట్టె. ఆ రొట్టె మన రొట్టె కంటే పలుచన, పైన వెన్న వేసి ఇస్తారు. ఒకటి కొని ఇద్దరం తిన్నాం. అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

కోలెం

లోండా దాటాక కొండలు మొదలయ్యాయి. రైలు సొరంగాల్లో దూరి బయటికి వస్తుంటే పొగ లోపలికి వచ్చి అందరి ముఖాలూ ఒకటే రంగయ్యాయి. దారిలో పెద్ద జలపాతం ఉంది, పాలసముద్రమని దాని పేరు. మేం పోయింది ఎండాకాలం, గోడ మీద పాలు ఒలికినట్లు సన్నగా కారుతున్నది. వానకాలంలో చూడాలన్నారు. వానకాలంలో నాట్లు వదిలి ఎవరు పోతారు?

కొండ పైన మన దేశపు నాకా, కింద కోలెంలో పోర్చుగీసు నాకా. సుంకాల నాకాలంటే మనకు కొత్త కాదు, నిజాం కరోడ్‌గిరి చూసినవాళ్ళమే. కోలెంలో అందరినీ దింపి మూటలు విప్పించారు. పైవాడు తెల్లవాడు, మూటలు విప్పేవాళ్ళు మనలాంటివాళ్ళే, మెడలో శిలువలు. ఒకాయన కుండ చూపి ఏమిటన్నాడు. బంగారం అనుకున్నాడేమో, గుడ్డ విప్పాడు. చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. నొసటి నుంచి గుండెల దాకా శిలువ గీసుకొని, గుడ్డ తానే మళ్ళీ కట్టాడు. మంచివాడే. కాని ఎవరివి, ఎక్కడికి అని నర్సయ్యను అడిగాడు. పేద్రు అనే కిరస్తానీవి, తల్లికి ఇవ్వడానికి అని చెప్పేసరికి నా ముఖం వంక చాలాసేపు చూశాడు. దూరం నుంచి వచ్చామని జాలిపడ్డాడు అనుకున్నాను.

“పొలిమేర దాటినం కంపౌండరూ. ఇగ మీ రాజ్యమే” అన్నాను.

ఏటి ఒడ్డు ఊరు

మడగాం స్టేషనులో జుజె నిలబడి ఉన్నాడు. అన్న ముఖమే, కాకపోతే మీసం. ఓడల్లో వంటవాడిగా పని చేసి, బొంబాయిలో ఉండి వచ్చినవాడు, అందుకే హిందీ వచ్చు. ముందు కుండకు దండం పెట్టాడు, తరువాత మాకు.

వాళ్ళ ఊరు జువారి ఏటి ఒడ్డున ఉంది. నేల అంతా ఇటుక రంగు, ఇండ్లు కూడా ఆ రాతితోనే. గుట్ట మీద సున్నం వేసిన చర్చి, ఎండలో చూస్తే కళ్ళు చెదురుతాయి. కిటికీలకు అద్దాలకు బదులు ఆల్చిప్పలు పలుచగా అరగదీసి బిగిస్తారు, లోపలికి వెన్నెల లాంటి వెలుతురు వస్తుంది. ప్రతి ఇంటి ముందూ నడుము ఎత్తు గద్దె ఉంది. మన తులసికోటే అనుకున్నాను. పైన చూస్తే తులసి లేదు, శిలువ ఉంది. మునుపు అక్కడ ఉన్నది తులసేనని జుజె చెప్పాడు. గద్దె అదే, మొక్క మారింది.

పొలాలు చూసి మాత్రం గట్టు మీదే ఆగిపోయాను. ఏటి నీళ్ళు ఉప్పు. పోటు వచ్చినప్పుడు సముద్రం ఏటిలోకి ఎక్కుతుంది. అయినా ఆ నేలలోనే వరి పండిస్తారు. మట్టికట్టలు పోసి, చెక్క తలుపుల తూములు పెట్టారు. పోటుకు తలుపు దానంతట అదే మూసుకుంటుంది, నీళ్ళు వెనక్కి తీసే పాటుకు తెరుచుకొని మురుగు బయటికి పోతుంది. ఆ కట్టలు పోర్చుగీసువాళ్ళు రాకముందు పోసినవట. ఊరి భూమి ఊరందరిదీ, కట్ట తెగితే ఊరంతా రావాలి, పండినదాంట్లో వంతులు. రాజులు మారారు, దేవుళ్ళు మారారు, ఈ పద్ధతి మారలేదు అన్నాడు జుజె. మన దగ్గర కాలువ నీళ్ళకు తలలు పగలగొట్టుకుంటాం. ఉప్పునీళ్ళ పక్కన వాళ్ళు పొందికగా ఉన్నారు.

ఇంటి అరుగు మీద నల్లబట్టలు కట్టుకొని ఒక ముసలామె నిలబడి ఉంది. అందరూ మాయ్ అంటారు, అంటే అమ్మ అని. నాకంటే పదేండ్లు పెద్దది. ఆమె కొంకణి మాట జుజె నోట హిందీ అయి, నర్సయ్య నోట మన మాట అయి నాకు చేరేది. మధ్యలో ఎంత రాలిపోయిందో దేవుడికి తెలియాలి. ఆమె కుండ తీసుకోలేదు. నా రెండు చేతులూ పట్టుకొని కండ్లకు అద్దుకుంది.

కొత్త కుండలు

అన్నం దగ్గర నాకు బెరుకుగానే ఉంది. వాళ్ళు పంది మాంసం తింటారని, కల్లుతో పొంగించిన రొట్టె తింటారని తెలుసు. నర్సయ్య ఆ రొట్టెలు అప్పటికే మూడు తిన్నాడు. మాయ్ నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. కొత్త పొయ్యి, దాని మీద కొత్త కుండలు, ఇంకా మసి పట్టలేదు. పక్కింటి హిందువుల ఆవిడను పిలిపించి, మనవాళ్ళు ఏం తింటారో, ఏ చేత్తో వడ్డిస్తే తింటారో అంతా ముందే అడిగి పెట్టుకుందట. ఆ ఆవిడే వండింది. ఎర్రబియ్యం గంజి, ఎండుచేప, మామిడికాయ ముక్కలు. మన గంజిలాగే ఉంది, కొంచెం కొబ్బరి వాసన.

మిరపకాయ కారం చూసి, మన కారమే నయమన్నాను. జుజె నవ్వి, మిరపకాయ మన దేశానిది కానే కాదు, పోర్చుగీసు ఓడల్లో వచ్చిందని చెప్పాడు. నేను నమ్మలేదు. అంతకు ముందు మా పెద్దలు ఏం తిన్నారని అడిగాను. మిరియాలు అన్నాడు. “అయితే మా మిర్యాలగూడ అప్పటిదే” అన్నాడు నర్సయ్య. మాయ్ కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

చిన్న పెట్టె

మరునాడు మధ్యాహ్నం చుట్టాలందరూ వచ్చారు. చర్చి గంట కొట్టారు. హాల్లో బల్ల మీద పనస చెక్క పెట్టె ఒకటి, లోపల అల్లిన తెల్లగుడ్డ పరిచి ఉంది. నా మూర కంటే కొంచెం పొడుగు. ఎందుకు ఆ పొడుగు అని అడిగితే జుజె చెప్పాడు. వాళ్ళ దగ్గర మనిషిని మట్టిలో పెట్టి, కొన్నేండ్లయ్యాక ఎముకలు తీసి, కడిగి, చర్చి గోడలో గూడు కట్టి అందులో దాస్తారు. తొడ ఎముక పట్టాలి, అందుకని ఆ పొడుగు. వాళ్ళ నాయన ఆ గోడలోనే ఉన్నాడు. పక్కన పేద్రు కోసం ఒక గూడు తవ్వించి, సున్నం కొట్టించి ఉంచారు. మాయ్ పొద్దున్నే పోయి దాన్ని తుడిచి వచ్చిందట.

నేను కుండ వెనక్కి తీసుకోబోయాను. కాని నర్సయ్య అప్పటికే గుడ్డ విప్పుతున్నాడు.

ప్రార్థన చదువుతున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. కుండలో ఏముంటుంది? బూడిద, గోరంత గోరంత ముక్కలు, కాలి తెల్లబడ్డవి. ఆ పెట్టెలో పోస్తే ఒక మూలకు కూడా రావు. ఎవరో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి పోయింది. నర్సయ్యకు ఇంకా తెలియలేదు. వాళ్ళు దుఃఖంతో ఆగారనుకొని, ఓదార్పుగా చెప్పుకుంటూ పోయాడు.

“మంచిగ కాల్చినం అమ్మా. మా అక్క కొట్టం దూలాలు ఇచ్చింది. నేనే కొరివి పెట్టిన, తల గొరిగించుకున్న. ఏం తక్కువ చెయ్యలే.”

జుజె ఆ మాట తల్లికి చెప్పలేదు. ఆమెకు చెప్పే పని లేకపోయింది. దగ్గరికి వచ్చి కుండలోకి చూసింది. చేయి పెట్టి ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకుంది, పిట్టను పట్టుకున్నట్లు.

పాద్రి కూడా ఈ దేశం మనిషే, ముసలివాడు. కోపం చేయలేదు. కాలిన శరీరాన్ని పవిత్రమైన గోడలో పెట్టడానికి తనకు అధికారం లేదన్నాడు. కావాలని కాల్పించుకున్నవాడు కాదు గనుక పణజిలోని పెద్దలకు రాస్తానన్నాడు. జవాబు ఎప్పుడొస్తుంది అంటే చేతులు పైకెత్తాడు. చుట్టాలు ఒక్కొక్కరుగా పోయారు. గంట కొట్టేవాడు ఎవరూ చెప్పకముందే ఆపేశాడు.

ఆ పూట పొయ్యి దగ్గర కొత్త కుండలు చూస్తే కండ్లు దించుకోవలసి వచ్చింది. నేను రెండు రోజులు ఉండే మనిషిని. నా ఆచారం చెడకూడదని ఆమె పొరుగింటికి పోయి అడిగి తెలుసుకుంది. పన్నెండేండ్లు ఆమె కొడుకు నా కప్పు కింద ఉన్నాడు. మీవాళ్ళు పోతే ఏం చేస్తారయ్యా అని ఒక్కనాడు నేను అడగలేదు.

అవతలి ఒడ్డు

సాయంత్రం ఆమె మమ్మల్ని ఏటి దగ్గరికి తీసుకుపోయింది. పాటు సమయం, ఒడ్డున బురద మెరుస్తున్నది. నర్సయ్యకు అప్పటికి సంగతి అంతా తెలిసి, ఏదో ఒకటి చక్కబెట్టాలని ఆరాటం. ఇంత మంచి ఏరు ఉంది కదా, ఇందులో కలుపుదాం, మావాళ్ళకు అదే మోక్షం అన్నాడు. ఆమె జవాబు అతని నోటనే నాకు వచ్చింది.

“నీళ్ళల్ల కలిపితే నేను ఏడికి పోయి కూసోవాలె అంటున్నదక్కా.”

తరువాత అవతలి ఒడ్డు చూపించి చాలాసేపు చెప్పింది. పాతకాలంలో ఈ ఊరి గుట్ట మీద, ఇప్పుడు చర్చి ఉన్న చోటే, వాళ్ళ అమ్మవారి గుడి ఉండేదట. పోర్చుగీసు పాద్రీలు గుళ్ళు కూల్చడం మొదలుపెట్టాక, మతం మారడానికి ఒప్పుకోనివాళ్ళు అమ్మవారిని పడవలో పెట్టుకొని ఏరు దాటారు. అవతల వేరే రాజు ఏలుబడి. ఈమె పెద్దలు పొలం వదిలి పోలేక ఉండిపోయి కిరస్తానీలయ్యారు. పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ ఒకే ఇంటివాళ్ళు. మీవాళ్ళను కాల్చకూడదు అని అప్పుడే ఆజ్ఞ వచ్చిందట, అంతకు ముందు వాళ్ళూ కాల్చినవాళ్ళేనట. ఇప్పటికీ కోత కోశాక తొలి బియ్యం, ఒక కొబ్బరికాయ పడవవాడి చేతికి ఇచ్చి అవతలి గుడికి పంపుతుంది. పాద్రికి తెలుసు, అడగడు.

“అమ్మ ఆవలి ఒడ్డున ఉంటది, మేం ఈవలి ఒడ్డున ఉంటం. ఎదురుసూసుడు మా ఇంట్ల పాతదే” అని ఆమె అన్నదని నర్సయ్య చెప్పాడు. అందుకే పణజి నుంచి జవాబు వచ్చేదాకా ఆ ముక్కలను పెట్టెలో పోసి తన మంచం తల దగ్గరే పెట్టుకుంటానంది. నేను తుమ్మచెట్టుకు కట్టినదాన్ని ఆమె తల దగ్గర పెట్టుకుంటున్నది.

లేచే ముందు ఆమె ఒక మాట అడిగింది. జుజె దాన్ని హిందీలో చెప్పడానికి వెనకాడాడు. నర్సయ్య విని నాకు చెప్పకుండా, తానే తల అడ్డంగా ఊపబోయాడు. ఏమడిగింది చెప్పమన్నాను.

“మీ దిక్కు యాడన్న మా గుడి, మా పాద్రి లేడా అని అడుగుతున్నది. లేడని చెప్త అక్కా. ముసల్ది, జర నిమ్మలపడతది.”

మఠంపల్లి మాకు తెలియనిది కాదు. అక్కడ కిరస్తానీ గుడి ఉంది, పాద్రి ఉన్నాడు, వాళ్ళ సమాధుల జాగా ఉంది. కంపౌండరు పెద్ద పండుగలకు బండి కట్టించుకొని అక్కడికే పోయేవాడు. ఆనాడు దారి లేకనా పోలేదు? దారి ఉంది. మాకు తోచలేదు. మన పద్ధతి కంటే మేలైనది ఇంకొకటి ఉంటుందని తోచలేదు.

“ఉన్నదని చెప్పు” అన్నాను. “ఆమె బువ్వ తిని అబద్ధం చెప్పలేను.”

దూరమా అని అడిగింది. బండి మీద ఒక పూట అని చెప్పించాను. ఆమె తల ఊపింది. నన్ను తిట్టి ఉంటే నేను తేలికగా నిద్రపోయేదాన్ని. ఒడ్డు ఎక్కేటప్పుడు బురదలో నా కాలు జారితే ఆమే చేయి ఇచ్చింది.

తిరుగు దారి

మేం బయలుదేరేటప్పుడు జీడిపప్పు మూట ఒకటి, ఆ కొత్త కుండల్లో చిన్నది ఒకటి ఇచ్చింది. కుండ గుంతకల్లులో కూలివాని పెట్టె తగిలి పగిలింది. నర్సయ్య దారి పొడుగునా చాయ్ తాగలేదు. తాగమని నేనే డబ్బులిచ్చాను, అయినా తాగలేదు.

బెజవాడ దగ్గర కృష్ణ వచ్చింది. అలవాటు కొద్దీ, ఏరు దాటుతున్నం, రా అన్న మాట నాలుక చివరికి వచ్చింది. ఒళ్ళో ఏమీ లేదు. నర్సయ్య నా వంక చూశాడు.

“ఈసారి ఉండుమని చెప్పరాదు అక్కా.”

“ఉండు కంపౌండరూ” అన్నాను. “మీ అమ్మ కాడ ఉండు.” రైలు చప్పుడులో అది నాకే సరిగ్గా వినబడలేదు.

మఠంపల్లి

యాత్ర కోదాడతో అయిపోయిందని నర్సయ్య అన్నాడు. నాకు అయిపోలేదు. వచ్చిన వారం మబ్బులు పడుతుంటే బండి కట్టించి, హుజూర్‌నగర్ మీదుగా మఠంపల్లి పోయాను. పొద్దున బయలుదేరితే అన్నం వేళకు చేరాను. దారిలో ఎక్కడా ఆగవలసిన పని పడలేదు.

చర్చి వెనక సున్నపురాతి గోడ, లోపల మట్టి కుప్పలు, వాటి మీద కొయ్య శిలువలు. కొన్నింటి మీద బంతిపూలు వేసి ఉన్నాయి. ఒక మూలన వేపచెట్టు, దాని కింద ఖాళీ జాగా, పది మందికి సరిపోతుంది. అక్కడ గడ్డి కోస్తున్న ఒకామె నన్ను చూసి కొడవలి పక్కన పెట్టింది.

“ఎవరి కోసం వచ్చినవమ్మా? నీ మనుషులెవరన్న ఉన్నరా ఈడ?”

గోవా నుంచి ఇంకా జవాబు రాలేదు. నేను వేపచెట్టు నీడ వైపు చూశాను.

“ఉండాల్సిందమ్మా” అన్నాను. “ఒక్కడు ఉండాల్సింది.”